హిప్స్ ఫర్మ్

8-3-1970, చోడవరం
నూకరత్నాన్ని ఇంటికి తీసుకొచ్చాను. చెరకు బండి మీద నుంచి పడి కుడి తుంటి కీలు జారి నేటికి ఏడు వారాలు. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు చీటీ రాసిచ్చాడు. హిప్ మజిల్స్ వీక్, రెండు పూటలా హిప్ ఎక్సర్‌సైజులు, మూడు నెలలకు రివ్యూ. ఎలా చేయించాలో చూపిస్తాను ఉండమన్నాడు. సర్, నేను హైస్కూల్లో డ్రిల్లు మాస్టర్ని, పదహారేళ్ళ సర్వీసు అన్నాను. అయితే నాకు పని తప్పించారని నవ్వి తర్వాతి పేషెంటుని పిలిచాడు. ఆ మాటకి బస్సెక్కేదాకా నా ఛాతీ దిగలేదు.

బస్సులో రత్నం ఒక్కటే అడిగింది, మళ్ళీ వడ్డాదికి నడిచి ఎల్లగలనా అని. వడ్డాది వాళ్ళ అన్న జగ్గారావు ఊరు. మా పెళ్ళయిన నాటి నుంచీ నెలకోసారి పొద్దున్నే బయల్దేరి నడిచే వెళ్ళేది. బస్సున్నా ఎక్కేది కాదు. ఆర్నెల్లలో నీ చేత మార్చింగ్ చేయిస్తానన్నాను.

9-3-1970, పొద్దున ఐదున్నర
మొదలు. హిప్స్ ఫర్మ్ అంటే రెండు చేతులూ నడుం మీద బిగించి పెట్టుకోవడమని చూపించాను. కుడికి పది, ఎడమకి పది వంగడాలు. ముందుకి పది. చెప్పింది చెప్పినట్టు చేసింది. మా టెన్త్ క్లాసు వెధవలకి ఈ శ్రద్ధలో సగముంటే బాగుండును.

21-4-1970
నడుస్తోంది. కానీ కుడి కాలి మీద బరువు పడగానే మనిషి మొత్తం కుడివైపు ఒరుగుతోంది. డ్రిల్లు మాస్టారి పెళ్ళాం బాతునాగ నడుస్తన్నాదేటి అందట పొరుగింటి అచ్చియ్యమ్మ. ఊళ్ళో ఎవడు భుజాలు జార్చుకుని నడిచినా వీపు మీద ఒకటి చరిచి నిలబెట్టేవాణ్ణి నేను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రేపటి నుంచి వంగడాలు ఇరవై.

2-6-1970
రత్నం ఈరోజు ఎదురు చెప్పింది. నడుం కాదండి, ఇక్కడ బలం లేదు, అడుగేత్తే జారిపోతన్నట్టుంటంది అని తుంటి పక్కన అరచెయ్యి పెట్టి చూపించింది. డాక్టరు హిప్ అన్నాడు, హిప్ అంటే నడుం, రోజూ వందల మంది చేత నడుం మీద చేతులు పెట్టిస్తున్నాను, నాకు నువ్వు పాఠం చెప్పకు అన్నాను. అరచెయ్యి తుంటి మీంచి తీసి నడుం మీద పెట్టుకుంది. వంగింది.

రివ్యూకి వెళ్ళమన్న రోజు దగ్గరపడింది. వెళ్ళి ఏం లాభం? నాకు తెలియనిది ఆయనేం చెప్తాడు.

17-11-1971
వంగడాలు యాభై. మార్పు లేదు.

30-5-1973
వడ్డాదిలో జగ్గారావు కూతురి పెళ్ళి. బస్సులోనే వెళ్ళాం. బస్సు దిగిన చోటు నుంచి ఇంటిదాకా రెండు ఫర్లాంగులు. నేను పదడుగులు ముందు నడిచాను. పక్కన నడవడానికి సిగ్గేసింది. నోటితో ఒప్పుకోలేను కనక ఇక్కడ రాస్తున్నాను. రత్నానికి తెలిసిపోయింది.

భోజనాల దగ్గర జగ్గారావు, బండి నాదే కదా బావా, ఆ రోజు నాను ఎక్కించకపోతే బాగుండును అని కళ్ళు తుడుచుకున్నాడు. మీ చెల్లెలు శ్రద్ధగా చెయ్యదు బావా అన్నాను. మూడేళ్ళలో ఒక్క పూట మానలేదావిడ. ఎందుకన్నానో తెలియదు. కాదు, తెలుసు.

14-10-1974, విశాఖపట్నం
డ్రిల్లు మాస్టర్లకి పది రోజుల ట్రైనింగు. ఈరోజు కండరాల క్లాసు. చెప్పింది పైడితల్లి గారని ఫిజియోథెరపిస్టు, ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. బోర్డు మీద మనిషి బొమ్మ గీసి, నిటారుగా నిలబెట్టేవి పొట్ట కండరాలు, వెన్ను కండరాలు అని మొదలెట్టి పిరుదులు, తొడలు, పిక్కల దాకా వచ్చింది. తెలిసిందేలే అని కునుకు తీస్తున్నాను. అందరూ మర్చిపోయేది దీన్ని అంటూ తుంటి పక్కన విసనకర్రలాంటిది ఒకటి గీసింది. నడకంటే ఒంటికాలి మీద నిలబడ్డమే, ఒకసారి ఈ కాలు, ఒకసారి ఆ కాలు. నిలబడ్డ కాలి పక్కన ఈ కండ పట్టి ఉంచకపోతే రెండో వైపు తుంటి కిందికి జారుతుంది, పడిపోకుండా మనిషి ఒరుగుతాడు అంది. లేచి ఒంటికాలి మీద నిలబడి అక్కడ చెయ్యి వేసి చూసుకోమంది.

వేశాను. అరచేతి కింద కండ బిగుసుకుంది. రత్నం చెయ్యి పెట్టి చూపించిన చోటు అదే.

క్లాసయ్యాక ఆగి అడిగాను, హిప్ అంటే నడుం కాదా మేడమ్ అని. ఆమె నవ్వి, హిప్స్ ఫర్మ్ అని నడుం మీద చేతులు పెట్టించీ పెట్టించీ మీరంతా అదే హిప్ అనుకుంటారు మాస్టారూ, హిప్ అంటే తుంటి అంది. మంచి పక్క కిందికి పెట్టి ఒత్తిగిలి పడుకుని పై కాలు లేపడం, అదీ చేయించాల్సింది. మొదటి ఏడాదిలోనే చేయిస్తే చాలామంది మామూలుగా నడుస్తారట. నాలుగున్నరేళ్ళయితే అన్నాను. ఎవరికని అడిగింది. ఒక స్టూడెంటు తల్లికి అన్నాను. కొంత బలం వస్తుంది, ఒరగడం మాత్రం పూర్తిగా పోకపోవచ్చు అంది.

అక్కడ కూడా అబద్ధమే ఆడాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నాను. ఆ నాలుగో కాలు రత్నానిది.

24-10-1974, చోడవరం
కొత్త ఎక్సర్‌సైజు అని మాత్రమే చెప్పాను. పడుకుని కాలు లేపింది. జానెడు కూడా లేవలేదు, వణికింది. ఇక్కడేనండి, ఇక్కడే అంది. ఆమె ముఖంలో సంతోషం చూడలేక పెరట్లోకి వెళ్ళాను.

27-10-1974, మధ్యాహ్నం
అన్నాల దగ్గర మొత్తం చెప్పేశాను. రత్నం కలుపుతున్న ముద్ద ఆపింది. తిట్టలేదు. మీకు తెల్దు, అది తప్పు కాదు అంది. ముద్ద కంచంలో వదిలేసి, నాను సెప్పేను కదండి, సెయ్యెట్టి మరీ సూపించేను కదా అంది. నా ఒళ్ళు నాకన్నా మీకే బాగా తెలుసుననుకున్నాను అంది.

క్షమించమని అడగాలి. నోరు రాలేదు. ఆ నోటితోనే గ్రౌండంతా దద్దరిల్లేలా కేకలు పెడతాను.

3-11-1974
జగ్గారావు వచ్చి రత్నాన్ని వడ్డాది తీసుకెళ్ళాడు. ఎక్సర్‌సైజు అక్కడే చేసుకుంటుందట. మీరు ఎదురుగా నిలబడితే లేపాల్సింది పోయి వంగిపోతన్నాను అంది. బస్సు దాకా ఈసారి పక్కనే నడిచాను, కుడివైపు. అడుగుకోసారి ఆమె భుజం నా భుజానికి తగిలింది. నాలుగున్నరేళ్ళలో ఒక్కసారైనా ఆ వైపు నడవలేదు నేను.

9-2-1975
జగ్గారావు దగ్గర్నుంచి కార్డు. కాలు మూరెడు లేస్తోందట. ఒరగడం అలాగే ఉందట. కర్ర పట్టుకుని పొలం గట్టు దాకా వెళ్ళొస్తోంది. ఎప్పుడు వస్తుందో రాయలేదు.

జవాబు రాయబోతే పూటకెన్నిసార్లు లేపాలో, వీపు ఎలా ఉంచాలో, అవే వచ్చాయి. రెండు కార్డులు చించేశాను. మూడోదాని మీద, నొప్పి ఎక్కడో చెప్పు, వింటాను అని రాసి పోస్టులో వేశాను.