ఐదు వందల పన్నెండుకు దురస్తు

కరీంనగర్, 3 సెప్టెంబర్ 1958

పూజ్యులు హనుమండ్లు కాకకు అనసూర్య నమస్కారాలు.

మీ మగ్గం గుంట తవ్వుతుంటే బయటపడ్డ రాయి మీది మొదటి పంక్తిని మీరు పెన్సిలుతో దించి పంపారు కదా, చదివాను. ‘ఐదు వందల పన్నెండు’ అని ఉంది. ఏ లెక్కలోనో చెప్పలేదు. శాలివాహన శకమైతే క్రీస్తు లెక్కకు 590. అది తేలితే కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పదేళ్లుగా రాస్తున్న నా పరిశోధన గట్టెక్కుతుంది. తేలని తేదీని ఎవరూ ఒప్పుకోరు.

మీ బిడ్డ,
అనసూర్య

తా.క.: మిగతా పంక్తులు నేనే వచ్చి చదువుతాను. దసరాకు వస్తానేమో.

ఆసిఫాబాద్, ఫసలీ సాలు 1367 (నిజాం నాటి లెక్క; సర్కారు ఎత్తేసింది, నేను ఎత్తెయ్యలే)

బిడ్డ అనసూర్యకు కాక దీవెనలు.

ఫికర్ చెయ్యకు. కచేరీల ముప్పయ్యేండ్లు నకళ్లు రాసినోన్ని, తారీకు తేలక వాపసొచ్చిన కాయితాలు ఎన్ని చూడలే! గా 590 మిగిలిన లెక్కలల్ల ఎంతయితదో జర రాసి పంపు. దసరకు తప్పక రా.

హనుమండ్లు

తా.క.: మీ చిన్నమ్మ గా రాయి మీద బట్టలుతుకుతుండె. బందు చేయించిన.

కరీంనగర్, 24 అక్టోబర్ 1958

కాకకు నమస్కారాలు.

కలియుగం 3691. శకం 512. ఉగాది పేరు సాధారణ. ఫసలీ అప్పటికి లేదు గానీ, వెనక్కి లెక్కపెడితే దాని ఒకటో సాలు ఆ 590లోనే మొదలవుతుంది. తాము ఒకటో సాలులో ఉన్నామని పాపం అప్పటివాళ్లకు తెలియదు. హిజ్రీకి ఇంకా ముప్పయిరెండేళ్లుంది.

దసరాకు పెట్టె సర్దుకున్నాను. అది శకమేనా అని మళ్లీ అనుమానం వచ్చి ఆగిపోయాను. దీపావళికి చూస్తాను.

అనసూర్య

తా.క.: ఈ లెక్కలన్నీ మీకెందుకు?

ఆసిఫాబాద్, ఫసలీ 1368

బిడ్డా, పని అయిపోయింది!

రాళ్లు కొట్టే మొగిలిని పిలిచి, అనుమానమున్న పంక్తి తీసేయించి, నువ్వు రాసిన సాళ్లన్నీ చెక్కించిన. జాగ సాలక కింది పంక్తులు గూడ తీసేసినం. ఇగ ఎవడు కాదంటడో చూస్త. హిజ్రీ కాడ మొగిలి పరేషాన్ అయిండు. “పుట్టని సాలును ఎట్ల చెక్కాలె అన్నా?” అన్నడు. “ఇంకా పుట్టలే అని చెక్కు” అన్న.

హనుమండ్లు

తా.క.: తప్పు దిద్ది దురస్తు చేస్తే కింద దస్కత్ ఉండాలె. నా దస్కత్ గూడ చెక్కించిన.

కరీంనగర్, 8 నవంబర్ 1958

కాకా,

కింది పంక్తులు తీసేయకముందు ఎక్కడైనా దించుకున్నారా? ముప్పయ్యేళ్లు నకళ్లు రాసిన చేయి కదా. రాయిని ముట్టవద్దని ఒక్క ముక్క రాయనిది నేనే. మిమ్మల్ని ఏమీ అనను. వెంటనే జాబు రాయండి.

అనసూర్య

ఆసిఫాబాద్, ఫసలీ 1368

బిడ్డా,

దించకుంట ఉంటనా? పదకొండు పంక్తులు, ఒక్క గీత పోకుంట దించిన. దసరకు నీ చేతికియ్యాలని పెట్టెల దాచిన. నువ్వు రాలే. దురస్తు అయినంక పాత నకలు ఉంచద్దు, గదే కచేరీ రూలు. చింపి పొయ్యిల ఏసిన.

తప్పు జేసిన్నా బిడ్డా? నీ కార్డు చదివినంక బువ్వ తినబుద్ధి అయితలేదు.

హనుమండ్లు

తా.క.: మూడో పంక్తిల ఒక అచ్చరం ఏనుగు తొండం లెక్క ఉండె. గదొక్కటే యాదికున్నది. పనికొస్తదంటే చెప్పు, గీసి పంపుత.