హారతికి ముందే లేచాను

మే 5
ఏడో నెల. డ్యూటీకి వెళ్తూనే ఉన్నాను. మా స్టీల్ ప్లాంట్ కంట్రోల్ రూమ్‌లో పొట్టతో షిఫ్ట్ చేసింది ఇప్పటిదాకా నేనొక్కదాన్నే. ఈ మాట పైకి అంటే గొప్పలు పోతోందంటారు. ఇక్కడ రాసుకుంటే ఎవరేం అంటారు...

మే 7
మధ్యాహ్నం నుంచి తలనొప్పి. కళ్ళ ముందు మెరుపులు. మామయ్య ఫర్నేస్ దగ్గరే పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకు ప్రపంచంలో ఒకటే జబ్బు — వడదెబ్బ, ఇక్కడి హిందీలో లూ. ఒకటే మందు — ఉప్పు మజ్జిగ. "భట్టీకాడ మాకూ ఇలాగే అయ్యీది. తాగీయమ్మా, దిగిపోతాది." పెద్ద గ్లాసుడు తాగాను. దిగలేదు.

మే 8
పాదాల వాపు. చెప్పులు ఎక్కడం లేదు. అత్తయ్య — "నీరు అందరికీ పడతాదే. నాకు పట్టలేదేటి?" మళ్ళీ మజ్జిగ. పోయిన చెకప్‌లోనే బీపీ కాస్త ఎక్కువుంది. తలనొప్పి వచ్చినా, చూపు తేడా చేసినా వెంటనే వచ్చేయమంది డాక్టరమ్మ. మా ఆయనకు గుర్తు చేశాను. "ఆదివారం సీమంతం కానీ. సోమవారం పొద్దున్నే వెళ్దాం" అన్నాడు శ్రీను. మనసు ఒప్పుకోవడం లేదు.

మే 11, ఆసుపత్రి మంచం మీద
ఎడమ చేతికి సెలైన్. కుడిచేత్తో రాస్తున్నాను. నిన్నటిది రాయకపోతే తోచదు.
పీట మీద కూర్చోబెట్టారు. సెక్టర్ సిక్స్‌లో మా క్వార్టర్ నిండా ఆడవాళ్ళే. చరోదా ఊరి నుంచి వచ్చిన పిన్ని గాజులు తెచ్చింది — పోయిన నెల నా చేతికి కొలిచి కొన్నవే. ఎక్కలేదు. సబ్బు నురగ రాసింది. కణుపుల దగ్గరే ఆగిపోయాయి. ఒకటి పుటుక్కుమంది. "ఏటే, ఇంతలా ఒళ్ళు చేసీనావు!" అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. పిన్ని ముఖంలో సగం కనబడలేదు.
లేచాను.
"హారతవకుండా పీట మీంచి లెగుస్తావేటి! అపచారం!" — అత్తయ్య.
"ఆసుపత్రికి వెళ్ళాలి. ఇప్పుడే." అన్నాను నేను.
గుమ్మం అవతల నుంచి మామయ్య కేక. "లెగనీయండి! ప్లాంట్‌లో కంట్రోల్ రూమ్ ఆపమందంటే ఆపీడమే. ఎందుకని అడగడాలు లేవు. శ్రీనూ, గాడీ తియ్యి!"
బీపీ పై అంకె నూట డెబ్భై. నర్సు మళ్ళీ చూసింది. మళ్ళీ అదే. "దీదీ, సహీ టైమ్ పే ఆయీ హో." సరైన టైముకే వచ్చానట. ఇది లూ కాదనీ, గర్భంతో వచ్చే బీపీ అనీ, ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవనీ, తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదమేననీ డాక్టరమ్మ మావాళ్ళకు చెప్పింది. మామయ్య గోడవైపు తిరిగి కూర్చున్నారట. పాపం. ఆయన మీద నాకు కోపం లేదు. అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే నా మాట నిలబెట్టింది ఆయనే.
గర్వంగా ఉంది. సిగ్గుపడకుండా రాస్తున్నాను — నన్ను నేనే కాపాడుకున్నాను.

మే 12
ఫిట్స్ రాకుండా ఇంజెక్షన్. ఒళ్ళంతా సెగ. బిడ్డ ఊపిరితిత్తులకు ఇంకొకటి. బిడ్డను ఇప్పుడే బయటికి తీయాలా, ఇంకొన్నాళ్ళు ఆగాలా... పూటపూటకీ చూస్తున్నారు. లోపల తంతోంది. తన్నమ్మా, తన్ను.

మే 14
ఆపరేషన్. పాప. సన్నగానే, కానీ ఏడ్చింది!

మే 15
పాప కింద అంతస్తులో, వెచ్చటి పెట్టెలో. శ్రీను ఫోటో చూపించాడు. ముక్కు నాదే. మామయ్య వరండాలో కనబడిన ప్రతివాళ్ళకీ, తుడిచే దీదీకి కూడా చెబుతున్నారట — "మా కోడలు ఇంజినీరు. తనే కనిపెట్టీసింది." ఆపమని చెప్పమన్నాను శ్రీనుతో. అతను లేచేసరికి, పోనీలే, చెప్పుకోనీ అన్నాను.

మే 16
కాన్పయితే బీపీ దిగిపోతుందనుకున్నాను. దిగలేదు. మందు పెంచారు. నన్ను కిందికి, పాప దగ్గరికి పంపడం లేదు. "కల్ దేఖేంగే" — రేపు చూద్దామంటారు. రేపూ ఇదే అంటే?
పాలు పిండి పంపాను. చెంచాడు కూడా లేవు. అత్తయ్య ఆ చిన్న గిన్నెను రెండు చేతులా పట్టుకుని, ఎవర్నీ దగ్గరికి రానీయకుండా తీసుకెళ్ళింది. వచ్చి మంచం మీద కూలబడింది. "గొట్టంలోంచి పోసినారే. అంతా ఉంచీసుకుంది. చుక్క కక్కలేదు."
నా కూతురు!
ఇంకా ముట్టుకోలేదు నేను.