అమ్మ చేతిలో చీటి

మంగళవారం, ఎల్లారెడ్డి

బాపుకు రేపు కామారెడ్డిలో ఆపరేషన్. రక్తం కావాలంటే నేనూ అమ్మా పరీక్షకు చెయ్యి చాపాం. ఇద్దరిదీ పడలేదు. ముగ్గురి గ్రూపులూ రాసిన చీటిని సిస్టర్ అమ్మ చేతిలో పెట్టింది.

బాపు తమ్ముడు, మా కాక, ఊరుకోలేదు. "ఆలుమగలది కలువకుంటే సరే. కన్నకొడుకు రక్తం తండ్రికి పడకపోవుడేంది?" అని అమ్మ దిక్కు అదోలా చూశాడు. అమ్మ తల దించుకుంది. ఎందుకు దించుకోవాలి? అక్కడ పట్టుకుంది నాకు అనుమానం. వరండాలో అద్దం ముందు నిలబడి, నా ముక్కు బాపు ముక్కులా ఉందా అని చూసుకున్నాను. సిగ్గులేని పని.

ఆగలేక ఒక్కడినే సిస్టర్ దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాను. ఆమె నవ్వింది. "మీ బాపుది బి, అమ్మది ఏ. నీకు రెండూ వచ్చి ఏబీ అయింది. నీ రక్తంల అమ్మది గూడ ఉన్నది కదా, గందుకే బాపుకు పడదు. బ్లడ్ బ్యాంకుల బి ఉన్నది, తెస్తరు."

ఇంతేనా! కాక మీద కోపమొచ్చింది. నా మీదికి రాకుండా చూసుకున్నాను.

కాకను బాపు దగ్గర ఉంచి ఇంటికి బస్సెక్కాం. అమ్మ కిటికీలోంచి చూస్తూనే అడిగింది. "మల్ల సిస్టర్ దగ్గరికి ఎందుకు పోయినవ్ రా?"

"చీటి కోసం" అన్నాను.

 చీటి పొద్దటి నుంచీ అమ్మ పిడికిట్లోనే ఉంది.