వెనక సీటు స్పీకర్లు

అక్టోబరు 4, శనివారం

అల్లుడి వ్యాన్‌లో వెనక డోర్లకి రెండు స్పీకర్లు బిగించాను. ప్యానెల్ విప్పుతుంటే క్లిప్పు విరిగింది. విరిగితే విరిగింది.

మా ఆవిడ ఎప్పుడూ వెనక సీట్లోనే. ముందు మోగేది తనకి సరిగ్గా వినపడదంటుంది. గుడికి వెళ్ళేటప్పుడు దారి పొడుగునా కిటికీలోంచి చెట్లు చూడటమే. హరికథ పెడితే కాలక్షేపం అవుతుందని.

వేరే వైరు లాగలేదు. ముందు స్పీకర్ల తీగలకే వెనకవీ తగిలించేశాను. ప్లస్సుకి ప్లస్సు, మైనస్సుకి మైనస్సు. ఈ దేశం రాకముందు తణుకులో మైకు సెట్టు నడిపినవాణ్ణి. ఒకే లైను మీద వీధంతా హారన్లు కట్టినవాణ్ణి. నాకు చెప్పాలా.

అల్లుడు ప్రసాదు కాఫీ కప్పుతో వచ్చి వంగి చూశాడు. "మావయ్యగారూ, ఇంపీడెన్స్ చెక్ చేశారా? ఆ ఆంప్ ఎన్ని ఓమ్స్‌కి..."

"నువ్వు నీ కంప్యూటర్ చూసుకో బాబూ."

నవ్వి లోపలికి పోయాడు.

అక్టోబరు 5

గుడికి బయల్దేరాం. భలే మోగింది. హైవే ఎక్కామో లేదో — టప్. ఆగిపోయింది. సీటు కింద ఆంప్లిఫయర్ డబ్బాకి ఎర్ర లైటు. ముట్టుకుంటే పెనంలా ఉంది.

మా అమ్మాయి సుజాత — "నాన్నా, ఇంక కార్ ముట్టుకోవద్దు. ప్లీజ్."

ప్రసాదు రోడ్డుకేసే చూస్తూ నడిపాడు. ఓ మాట అన్నా బాగుండేది.

అక్టోబరు 7

చల్లారాక డబ్బా మళ్ళీ పలికింది. మీటరు పెట్టి చూశాను. ఒక్క స్పీకరైతే నాలుగు ఓముల దగ్గర. రెండూ అలా పక్కపక్కన తగిలిస్తే రెండుకి పడిపోతోంది. ఓములంటే అడ్డు. అడ్డు తగ్గేకొద్దీ స్పీకర్లు కరెంటు ఎక్కువ లాగుతాయి. లాగితే డబ్బా కాలదా మరి. నాలుగుకి తగ్గకూడదని డబ్బా మీదే రాసుంది... ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాను.

మైకు సెట్లో హారన్ హారన్‌కీ వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. అది కాచేది. కారు స్పీకర్‌కి అది లేదు. ఆ సంగతే తట్టలేదు.

ప్రసాదుకి చెప్పలేదు. వాడికి తెలుసు.

అక్టోబరు 8

ముందుదీ వెనకదీ ఒకదాని తరవాత ఒకటి కలిపాను. ఇప్పుడు ఎనిమిది ఓములు. డబ్బా చల్లగా ఉంది. మోత మాత్రం సగం చచ్చింది.

ఆవిణ్ణి కూర్చోబెట్టి స్టీరింగ్ దగ్గర్నుంచి అడిగాను, "ఏమే, వినపడుతోందా?"

"ఆఁ?"

సరిపోయింది.

అక్టోబరు 11

ముందువి పీకేశాను. డబ్బాకి వెనకవి మాత్రమే. నాలుగు అడిగే డబ్బాకి నాలుగే ఇచ్చాను. ఇంతకంటే సరిగ్గా ఎవడూ కలపలేడు.

"మరి ముందు కూర్చుని నడిపే నాకు?" ప్రసాదు.

"ఫోనుందిగా నీకు."

"కరెక్టే మావయ్యగారూ. పోలీసోడికి మీరే చెప్పండి."

డ్రైవ్‌వేలోనే పెట్టాను హరికథ. కుక్కని తిప్పుకుంటూ పక్కింటాయన ఆగాడు. చెవి మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. అంత మోత.

ఆవిడ వెనక. పిట్టకథ వచ్చింది. అత్తగారూ, గారెలూ. దాసుగారు నోరు తెరవకముందే పడీపడీ నవ్వే మనిషి. నవ్వలేదు.

వెనక్కి తిరిగి అడిగాను, "ఎలా ఉంది?"

"బాగుంది."

మళ్ళీ ముందుకి తిరిగి ఏదో అన్నాను. పలకలేదు. వెనక్కి తిరిగి అదే మాట అన్నాను. పలికింది. నా మూతి చూసి చెప్తోంది జవాబు. ఎన్నాళ్ళ నుంచో ఏమో.

సౌండ్ పూర్తిగా తగ్గించేశాను. దూరంగా ఎవరిదో గడ్డి మిషను... అంతే. చెయ్యి ఇంకా బటన్ మీదే ఉంది.

"చాలండీ, ఇంక పెంచకండి. చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారు."

మళ్ళీ పెంచాను. తగ్గించానని చెప్పలేదు. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "పాపం, వారం నుంచీ కష్టపడ్డారు" అంది.

అక్టోబరు 12

గుడికి వెళ్ళొచ్చాం. దారంతా కథ నడిచింది. డబ్బా వేడెక్కలేదు.

సాయంత్రం వంటింట్లో సుజాత అడిగింది. "అమ్మకి వినపడుతోందా నాన్నా ఇప్పుడు?"

మా ఆవిడ దానికి ఎదురుగా బీరకాయ చెక్కు తీస్తోంది. కత్తిపీట మీది చెయ్యి ఆగింది. నా మూతికేసే చూస్తోంది.

స్పీకర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి అన్నాను.