జామతోట కాలనీ స్లాబు ఫొటోలు ఎవరికి చెందాలి

2004వ సంవత్సరం ఫిబ్రవరి నెల 19వ తేదీన, రాజమండ్రి రూరల్, ధవళేశ్వరం రోడ్డు, జామతోట కాలనీ కాపురస్థుడు, కీర్తిశేషులు మట్టపర్తి పెదవీరన్న గారి కుమారుడు, స్లాబు సెంట్రింగు మేస్త్రి మట్టపర్తి బంగార్రాజు అను నేను నా ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా ఏమనగా:

నా వయసు డెబ్బై ఆరు. మోకాళ్లు అరిగాయి గానీ బుర్ర అరగలేదు. డాక్టరు సర్టిఫికెట్టు జతచేద్దామా అని దస్తావేజు రాస్తున్న యెహెజ్కేలు గారు అడిగారు. ఈ కాలనీలో ఏ స్లాబు ఏ ఎండలో పోశానో, ఆ రోజు ఎవరింట్లో పప్పు నీళ్లలా పోశారో ఇప్పటికీ చెప్పగలను, ఇంక సర్టిఫికెట్టు ఎందుకన్నాను. ఎవరి బలవంతమూ నా మీద లేదు. నన్ను బలవంతపెట్టగలిగిన మనిషి నా భార్య పాపాయి ఒక్కతే, ఆవిడ పోయి చాలా ఏళ్లయింది.

నా చదువు రెండో తరగతితో ఆగింది. చెబుతున్నది నేను, రాస్తున్నది యెహెజ్కేలు గారు. "సర్వహక్కులు", "తదనంతరం" లాంటివి ఆయన మాటలు. తిట్లు నావి. మర్యాద కోసం వాటిని మార్చబోయారు, మార్చొద్దన్నాను.

1. కాలనీ మొదటి వీధి మూల మీద ఉన్న నా డాబా ఇల్లు, దాని స్థలం నా స్వార్జితం. నా తదనంతరం నా కొడుకు గణేష్‌బాబుకి సర్వహక్కులతో చెందాలి. దాన్ని పడగొట్టి అపార్ట్‌మెంటుకి ఇవ్వాలని వాడికి ఉంది. నాకు తెలియదనుకుంటున్నాడు. కాకినాడ బిల్డరు టేపు పట్టుకుని గోడలు కొలుస్తుంటే, దోమతెరలు కుట్టేవాడని నాతో చెప్పాడు. ఒరేయ్ గణేషూ, దోమతెర కుట్టేవాడు పునాది లోతు ఎందుకడుగుతాడ్రా? పడగొట్టుకో. బతుకంతా కట్టినవాణ్ని, పడగొడితే ఏడ్చేవాణ్ని కాదు. ఆ స్లాబు మాత్రం అంత తేలిగ్గా పడదు, మనుషుల్ని ఎక్కువమందిని తెచ్చుకోమని బిల్డరుకి చెప్పు.

2. అసలు ఈ వీలునామా ఇంటి కోసం కాదు. ఆ ఇంటి ముందుగది గోడల నిండా ఉన్న ఫొటోల కోసం, వాటికి జతగా ఉన్న కేసెట్ల కోసం.

తెలియనివాళ్లకి చెబుతున్నాను. ఈ కాలనీ ఒకప్పుడు పేరుకి తగ్గట్టు జామతోటే. ప్లాట్లు వేసి అమ్మారు. ఇక్కడి డాబాల్లో చాలామటుకు నా చేతి మీద లేచినవే. స్లాబు పోయడం అయిపోగానే, ఎవరూ చేతులు కడుక్కోకముందే, ఇంటివాళ్లూ కూలివాళ్లూ అంతా పక్కన వేసిన చెక్కల మీద వరసగా నిలబడి ఫొటో తీయించుకోవాలి. ఇది నేను పెట్టిన ఆచారం. ధవళేశ్వరంలో స్టూడియో నడిపిన జ్ఞానప్రకాశం గారు కెమెరా మెడకి తగిలించుకుని వచ్చేవారు. ఆయనకి నిచ్చెనంటే ప్రాణభయం. "పైకి తీసుకెళ్లే నిచ్చెన నాకు వేరే ఉంది మేస్త్రీ, ఇది కాదు" అంటూనే ఎక్కేవారు. ఇప్పుడా వేరే నిచ్చెన కూడా ఎక్కేశారు. పోయేముందు నెగెటివ్‌లన్నీ బిస్కెట్ల డబ్బాలో సర్ది నా చేతిలో పెట్టారు.

ఆ ఫొటోల్లో మనుషుల్ని చూశాక వాళ్ల వెనక చూడండి. మొదటివాటిలో జామచెట్ల తలలు, అటుపక్క కాలవగట్టు. తరవాత ఒక కరెంటు స్తంభం. తరవాత వాటర్ ట్యాంకు. ఆ తరవాత డాబా వెనక డాబా. ఎనభై ఆరు వరదకి గోదావరి లంకల్లోంచి వచ్చినవాళ్లు మా డాబాల మీద పొయ్యిలు పెట్టుకున్న ఫొటో కూడా ఉంది. అందులో ఉన్న మేక ఎవరిదో ఇప్పటికీ తేలలేదు, ఇద్దరు నాదంటే నాదంటున్నారు.

ఆదివారం సాయంత్రాలు పాతవాళ్లు నా గదిలో చేరతారు. నా కోడలు దుర్గాశ్రీ టేప్‌రికార్డర్ మధ్యలో పెడుతుంది. ఒక ఫొటో దించి చేతికిస్తే, అందులో ఎవరెవరున్నారో, ఆ రోజు ఏం జరిగిందో చెబుతారు. కోడలు ఫొటో వెనక పేర్లు రాసి, కేసెట్టుకి కూడా అదే గుర్తు వేస్తుంది. ఈ పని మొదలుపెట్టమన్నది కూడా తనే. "మావయ్యగారూ, వీళ్లు ఫలానా అని చెప్పేవాళ్లు పోతే ఇవన్నీ ఎవరివో మొహాలండి" అంది. నిజం. సగం ఫొటోలకే పేర్లు పడ్డాయి. మిగతా సగం పేర్లు ఇంకా ముసలివాళ్ల నోళ్లలో ఉన్నాయి. ఆ పని ఆగకూడదు. నా భయం అదొక్కటే.

3. మూడో వీధి రిటైర్డు బ్యాంకు మేనేజరు గారికి: వారి ఇంటి స్లాబు రోజున "కూలోళ్ల పక్కన ఫొటో ఏంటండి?" అన్నారు. "అయితే స్లాబు కింద సెంట్రింగు ఇప్పుడే విప్పుకుని పోతానండి" అన్నాను. నిలబడ్డారు. తరవాత ఆ ఫొటోని కత్తెరతో కోయించి, తమ కుటుంబం ఉన్న ముక్క మాత్రం ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు. నెగెటివ్ నా దగ్గరుంది సార్. తెగిపోయిన సగాన్ని పెద్దది చేయించి, అదే సైజు ఫ్రేములో తమకి రాసిస్తున్నాను. పక్కపక్కనే తగిలించుకోండి. మధ్యలో మీ బావమరిది మోచెయ్యి అటు సగం ఇటు సగం ఉంది, అతుక్కుంటుంది.

4. కాంక్రీటు గమేళాలు అందించే వరసలో ఎప్పుడూ ముందుండే లోవమ్మకి: మొదటి ఫొటో నుంచి నేను పని మానేసే దాకా దాదాపు ప్రతి ఫొటోలోనూ ఉంది. ఒక్కర్తే ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. జ్ఞానప్రకాశం గారి కొడుకుని పిలిపించి ఆమెకి నిలువెత్తు ఫొటో తీయించాలి. నా పాపాయి పట్టుచీర ఆమెకే ఇస్తున్నాను, అది కట్టుకుని తీయించుకోవాలి. "నాకెందుకండీ బాబూ" అంటుంది. వినొద్దు. నా టేకు పడక్కుర్చీ కూడా ఆమెదే. ఆమె కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

5. నా కూతురు పావనికి, గోడ నిటారుగా ఉందో లేదో చూసే నా తూకం గుండు. ఈ వీలునామా అమలు చేయించే బాధ్యత కూడా దానిదే. వైజాగ్‌లో ఉన్నా ఫోనులో దాని గొంతు వింటే గణేష్ లేచి నిలబడతాడు.

6. కిరాణా కొట్టు రాజమౌళి శెట్టిగారి సంగతి ఇక్కడ రాయించక తప్పదు. కాలనీలో మొదటి ఇల్లు ఎవరిదన్న విషయంలో ఆయనకీ నాకూ మొదటి నుంచీ పడదు. ముందు స్లాబు పడింది నా ఇంటికి. ముందు కాపురానికి దిగింది ఆయన. ఎలా దిగారో చెబుతాను. ఆయన స్లాబు కింద ఆసరాగా నిలబెట్టిన సరుగుడు బాదులు ఇంకా తియ్యలేదు. ఆగండి శెట్టిగారూ, సిమెంటు గట్టిపడాలన్నాను. "సిమెంటు ఆగుతుంది గానీ మూఢం ఆగదు మేస్త్రీ" అని, మూఢం రాకముందే ఆ బాదుల అడవిలో గృహప్రవేశం పెట్టేశారు. ముందు ఆవుని లోపలికి తోలారు. అది రెండు బాదుల మధ్య ఇరుక్కుంది. ముందుకి రాదు, వెనక్కి పోదు. ఒక బాదు పీకెయ్యమంటారు శెట్టిగారు. పీకితే ఆవు మీద స్లాబు, స్లాబు కింద పురోహితుడు. చివరికి ఆయన భార్య కన్యకమ్మ గారు వెనకనుంచి బెల్లం చూపించి దాన్ని బయటికి రప్పించారు. ఆవు ఇరుక్కుని ఉండగా జ్ఞానప్రకాశం గారు తీసిన ఫొటో నా గోడ మీద నడిమధ్యన ఉంది.

ఆ ఫొటో చూపించి "ఇదిగో, మొదట దిగింది మేమే" అంటారాయన. ఆ రోజు ఆ ఇంటిని నిలబెట్టిన బాదులు నావి, చెక్కలు నావి. ఆయన దిగింది నా సెంట్రింగులో, ఇంట్లో కాదు. ఈ మాట నేను ప్రమాణపూర్వకంగా ఈ దస్తావేజులో నమోదు చేయిస్తున్నాను.

7. కిందటేడు పుష్కరాలకి ముందు ఇంటికి సున్నాలు వేయించారు. నేను కంటి ఆపరేషనుకి ఆసుపత్రిలో ఉన్నాను, కోడలు నాకు తోడుగా ఉంది. గణేష్ ఫొటోలన్నీ దింపి గోనెసంచుల్లో వేసి వరండాలో పెట్టాడు. పాతసామాన్ల బండి వచ్చింది. వీడు సెల్‌ఫోను చెవికి పెట్టుకుని, ఏదీ చూడకుండా, అన్నీ పట్టుకుపొమ్మని చెయ్యి ఊపాడు. బండివాడు సంచులెత్తుకుని వెళ్లిపోతున్నాడు.

ఎదురు కొట్లోంచి చూసినవాడు రాజమౌళి శెట్టిగారు. తక్కెట్లో కందిపప్పు తక్కెట్లోనే వదిలేసి, బనీనుతో, చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి ఉరికారు. చెరువుగట్టు మలుపు దగ్గర బండి పట్టుకుని సంచుల మీదెక్కి కూర్చున్నారు. "దిగండి తాతగారూ" అంటే "నా ఆవుందిరా ఇందులో!" అని అరిచారట. గోనెసంచిలో ఆవేంటని బండివాడు హడలిపోయి బండి వదిలేసి నిలబడ్డాడు. శెట్టిగారే ఆ బండి తోసుకుంటూ వెనక్కి తెచ్చారు. ఒక్క అద్దమే పగిలింది.

గణేషూ, నీ మీద కోపం లేదు. నీకు అవి చెత్తలా కనబడ్డాయి, అంతే. అందుకే నీకివ్వను. కోడలికి ఇస్తే నువ్వు దానితో పోట్లాడతావు. కాలనీ అసోసియేషన్‌కి ఇద్దామా అంటే, వాళ్లు నా ఫొటోలు దించి ప్రెసిడెంటు సన్మానం ఫొటోలు పెడతారు.

8. కాబట్టి ఫొటోలు, నెగెటివ్‌లు, కేసెట్లు అన్నీ రాజమౌళి శెట్టిగారికి చెందాలి. నా కొడుకు అపార్ట్‌మెంటు కడితే కింది అంతస్తులో రోడ్డు వైపు ఒక గది వీటికే వదలాలి. గది తాళం శెట్టిగారిది, పేర్లు రాసే పని దుర్గాశ్రీది. వాళ్ల తరవాత ఎవరికన్నది వాళ్లే చెప్పుకోవాలి. గది వదలకపోతే ఒకటో క్లాజులో ఇల్లు గణేష్‌కి కాదు, పావనికి. అపార్ట్‌మెంటు ప్రతి అంతస్తు స్లాబుకీ ఫొటో తీయాలి. బిల్డరు ఎంత పెద్దవాడైనా కూలివాళ్ల పక్కనే నిలబడాలి.

నేను పోయాక శెట్టిగారు ఆవు ఫొటో కథ తన వైపు నుంచే చెప్పుకుంటారు. చెప్పుకోనీ. ఆయన ముగించగానే నా గొంతున్న కేసెట్టు వేయాలి. ఆ గది హక్కుకి ఇది షరతు.

9. ఇదంతా రాయించాక, సాక్షి సంతకానికి శెట్టిగారినే పిలిపించాను. ప్రతి మాటా తప్పుపట్టి చదివే మనిషి ఆయనే. యెహెజ్కేలు గారు అడ్డుపడ్డారు. ఎవరికి రాస్తామో వాళ్లే సాక్షి సంతకం పెడితే తరవాత కోర్టులో పేచీ వస్తుందట. ఎందుకు పెట్టకూడదో శెట్టిగారికి చెప్పాల్సొచ్చింది. కలం జేబులో పెట్టుకున్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని "ఆ గదికి కిటికీ ఎటుపక్క మేస్త్రీ?" అన్నారు. పడమర అన్నాను, గాలి బాగా వస్తుందని. "మీకేం తెలుసండీ? పడమటెండ పడితే నా ఫొటోలు ఏడాదికే వెలిసిపోతాయి" అని లేచారు.

నా ఫొటోలు అన్నారు.

కిటికీ ఉత్తరం వైపు పెట్టాలి. ఈ ఒక్క విషయంలో శెట్టిగారి మాటే సరైనదని ఒప్పుకుంటూ, నాకు చదివి వినిపించిన పై విషయాలన్నీ నేను చెప్పినవేనని సంతకం చేస్తున్నాను. ఇంతకుముందు వేరే వీలునామా ఏదీ రాయలేదు.

జామతోట కాలనీ, 19-2-2004

(సం.) మ. బంగార్రాజు

సాక్షులు:
1. కె. రత్నమాణిక్యం, రిటైర్డు లాకు లస్కరు, ధవళేశ్వరం
2. పి. సువార్తమ్మ, నర్సు, జామతోట కాలనీ రెండో వీధి

దస్తూరి: బి. యెహెజ్కేలు, దస్తావేజు లేఖరి, రాజమండ్రి