ఇసుక మార్చాల్సిన రోజు

రాజమండ్రి,
మంగళవారం

ప్రియమైన అత్తయ్యగారికి,

మీ కోడలు వినీల వందనాలు. ఫోన్‌లో మీ గొంతు వింటే ఏడుపొస్తుందని ఉత్తరం రాస్తున్నాను.

నిన్న మీ బడి హెడ్మాస్టరు శివరామకృష్ణగారికి ఫోన్ చేసి, నేను పెట్టిన ఫిల్టరు కొళాయికి తాళం వేయమన్నాను. "చిన్న రిపేరండీ" అని మాత్రమే చెప్పాను. అది అబద్ధం.

బడి బోరు నీళ్లలో ఆర్సెనిక్, అదే పాషాణం, ఉందని పోయినేడు మా కాలేజీ ల్యాబులో నేనే కనిపెట్టాను. ఇనుము పూత పట్టించిన ఇసుకను డ్రమ్ములో పోసి, నీళ్లు అందులోంచి దిగేలా ఏర్పాటు చేశాను. విషం ఆ రేణువులకు అంటుకుపోతుంది. అంటుకునే చోటు నిండిపోయాక మాత్రం నీళ్లతో పాటే కిందికి వచ్చేస్తుంది. రంగు మారదు, రుచి మారదు. ఆర్నెల్లు పనిచేస్తుందని లెక్కగట్టాను. నా మాట నమ్మి మీరు ఆ నీళ్లతోనే పిల్లలకు అన్నం వండారు.

మూడు వారాల కిందట మీరు మీ అబ్బాయి సాల్మన్ చేత కొళాయి నీళ్ల సీసా పంపారు. సెమినారు హడావుడిలో దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి మరిచిపోయాను. నిన్న పరీక్షిస్తే విషం హద్దు దాటి ఉంది. ఆ సీసా నింపేనాటికి ఇంకా ఐదో నెలే! అరవైమంది పిల్లలు ఇన్నాళ్లూ అవే తాగారు. మీరూ తాగారు. సాల్మన్‌కి కూడా చెప్పలేకపోయాను. నాకీ పరిశోధన వద్దు. మానేస్తానని శుక్రవారం మా సార్‌కి చెప్పేస్తాను.

మీరు ఎంత తిట్టినా పడే
వినీల

*

గురువారం

చిట్టితల్లీ వినీలా,

శుక్రవారంలోపు నీకు అందాలని దీన్ని బస్సు డ్రైవరు ఏసురాజు చేతికిస్తున్నాను. ముందు కళ్లు తుడుచుకో. ఆ నీళ్లు ఎవరూ తాగలేదు.

రెండు వేల బిందెలయ్యాక ఇసుక మార్చాలని నువ్వే కదా చెప్పావు? వంటగది గోడమీద రోజూ బొగ్గుతో గీతలు పెట్టాను. ఆ మధ్య బడి ఆవరణలో సువార్త సభలు జరిగితే మూడు రోజుల్లో నాలుగొందల బిందెలు ఖర్చయ్యాయి. అందుకే నీ ఆర్నెల్లు ముందే అయిపోయాయి. లెక్క పూర్తయిన రోజే, ఆ తర్వాత దిగిన నీళ్లతో సీసా నింపి, కొళాయికి గుడ్డ చుట్టి కట్టేశాను. అప్పట్నుంచీ నేనూ, నాతో వంట చేసే నూకరత్నమూ గోదావరి నీళ్లొచ్చే పంచాయతీ కొళాయి నుంచి మోస్తున్నాం. మాస్టారు ట్రైనింగు నుంచి సోమవారమే వచ్చారు, ఆయనకేం తెలుసు? తాళం పట్టుకుని వస్తే నూకరత్నం ఒకటే నవ్వు. "మూడు వారాల్నుంచి కట్టేసున్నదానికి తాళమేంటండీ బాబూ?" అంది.

"లెక్కయిపోయింది, త్వరగా చూడమను" అని సాల్మన్‌తో చెప్పాను. వాడు ఆ మాట నీకు చెప్పకుండా మింగేసినట్టున్నాడు. నువ్వు సెమినారు పనిలో నలిగిపోతున్నావని నేనూ మళ్లీ అడగలేదు. అడగాల్సింది. నువ్వు ఒక్కదానివే కూర్చుని ఏడ్చావంటే నా ప్రాణం ఉసూరుమంది.

సీసా మరవడం తప్పే. ఇంకెప్పుడూ మరవకు. మానేస్తానంటే మాత్రం ఒప్పుకోను. నువ్వు రాకముందు ఆ పిల్లలు ఏళ్ల తరబడి ఆ విషమే తాగారు, ఎవరైనా వచ్చి చూశారా?

గోదావరి ఇసుక తెప్పించి, ఆరుసార్లు కడిగి, బడి మేడమీద ఆరబెట్టాం. పూత పట్టించడం మా ఇద్దరికీ నేర్పు. శనివారం రా. చింతచిగురు రొయ్యలు వండుతాను. ఇసుక పని ఉందనే రమ్మంటున్నాననుకోకు. అదొక్కటే అయితే ఆదివారం వచ్చినా సరిపోను. నిన్ను చూసి నెల దాటిందమ్మా.

ముద్దులతో,
మీ అత్తయ్య ఏసమ్మ