కళ్ళజోడు పెట్టుకుని రాస్తున్నాను

పిచ్చుకా, నా చిన్ని పిచ్చుకా,

మోకాళ్ళు తప్ప తక్కిన ఒళ్ళంతా బాగానే ఉందమ్మా నాకు. ప్రార్థనకి వంగితే అవి మళ్ళీ లేవనంటున్నాయి. పక్కన కూర్చునే ఆవిడ చెయ్యి పట్టి లేపుతోంది కనక దానికీ దిగులు పెట్టుకోకు.

ఇవాళ శనివారం. రేపు మందిరంలో ప్రభువు బల్ల. అందరికీ విరిచి పంచే రొట్టె నేనే చేయాలి కదా, ఆసుపత్రి లాండ్రీ డ్యూటీ నుంచి రాగానే పిండి జల్లించి గిన్నెలో పోసుకున్నాను. నీళ్ళు పోయబోతే చెయ్యి ఆగిపోయింది. ఎవరితోనైనా తేడా ఉంటే తెచ్చిన అర్పణని అక్కడే వదిలి, ముందు వెళ్ళి సమాధానపడి రమ్మన్నాడు కదా ప్రభువు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ఎప్పుడూ నా వెనక బెంచీ వాళ్ళకి చెబుతున్నట్టే ఉండేది. ఇవాళ నా వంటగదిలోకి వచ్చి నిలబడింది. వెళ్ళి మాట్లాడి రావడానికి నువ్వేమన్నా పక్క వీధిలో ఉన్నావా? అందుకే పిండి మీద బట్ట కప్పి కాగితం ముందేసుకున్నాను. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో పడ్డాకే పిండి తడుపుతాను.

నా కోపం నీ మీదే పిచ్చుకా. బెదిరిపోకు, చివరిదాకా చదువు.

నువ్వు ఆ ఊరు వెళ్ళి కళ్ళజోళ్ళ షాపులో చేరిన కొత్తలో రాసిన ఉత్తరాల నిండా ఒకాయన ఉండేవాడు. అద్దాలు అరగదీసే ఆయన. పెన్సిలు చెవి మీద పెట్టుకుని, పెన్సిలు కోసం షాపంతా వెతికాడని రాశావు. కళ్ళజోడు విరిగిపోయి ఏడుస్తున్న ముసలాయనకి తన టిఫిను పెట్టి, తిని లేచేలోపు బాగుచేసి ఇచ్చాడని రాశావు. నేను నవ్వుకుంటూ చదివాను. తరవాత ఉన్నట్టుండి ఆయన ఊసే లేదు. షాపు ఉంది, ఓనరు ఉన్నాడు, ఓనరు దగ్గూ ఉంది. ఆయన మాత్రం లేడు. నాకు చదువు లేదు గానీ బుర్ర ఉంది కదే. ఆడపిల్ల ఒక మనిషి గురించి చెప్పడం మానేసిందంటే ఎందుకు మానేస్తుంది? నేనూ ఒకప్పుడు నీ వయసుదాన్నే.

ఆ తరవాతే నువ్వు పంపిన కళ్ళజోడు వచ్చింది. మా ఆసుపత్రి కంటి డాక్టరు రాసిచ్చిన చీటీ నీకు పంపితే చేయించి పంపావు కదా. పెట్టుకుని బైబిలు తెరిచాను. ఏం చెప్పను! అక్షరాలన్నీ ముఖాలు కడుక్కుని వచ్చి నిలబడ్డాయి. ఇన్నాళ్ళూ నాకు సరిగ్గా చదవడం రాదని సిగ్గుపడ్డాను. సగం తప్పు చదువుది కాదు, కళ్ళది. ఎవరు చేశారోగానీ ఆ చేతులు చల్లగా ఉండాలి తండ్రీ అని గట్టిగా ప్రార్థన కూడా చేశాను. ఆమెన్ అన్నాక గుర్తొచ్చింది, ఎవరు చేసి ఉంటారో.

వెంటనే తీసేసి సూదులూ దారాల డబ్బాలో పడేశాను. అత్తని మంచి చేసుకోవడానికి లంచం పంపించారిద్దరూ కలిసి, అనుకున్నాను. అలిగి కళ్ళు లేకుండానే పనికి వెళ్ళాను. ఫలితం ఏమిటంటే ఇస్త్రీ పెట్టె మీద వేడి నెంబరు కనపడక ఒక డాక్టరుగారి తెల్ల కోటు జేబు మాడ్చేశాను. లాండ్రీలో నాతోపాటు దుప్పట్లు మడత పెట్టే అక్క ఊరుకుంటుందా?

"ఏమ్మా, కొత్త కళ్ళజోడు అని ఊరంతా చాటావు, ఏదీ?"

"డబ్బాలో ఉంది."

"డబ్బాకి సరిగ్గా కనపడటం లేదా పాపం?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అక్కకి చెప్పలేనిది నీకు చెబుతున్నాను. నా కొడుకు మా ఆసుపత్రిలో పోయిన రోజు వాడి మంచం మీది దుప్పటి కూడా మా లాండ్రీకే వచ్చింది. నీకు ఎప్పుడూ చెప్పలేదు. దాని మీద మంచం నెంబరు చూసి గుర్తుపట్టాను. ఎవరికీ ఇవ్వకుండా నేనే ఉతికి, నేనే ఇస్త్రీ చేసి, నేనే మడత పెట్టాను. నా బిడ్డకి నేను చేసిన ఆఖరి పని అది. కడుపున పుట్టినవాడు జ్వరమని వెళ్ళి తిరిగి రాకపోతే, వాడు బతికిన గుర్తు ఇంకెక్కడుంది నాకు? నీలోనే ఉందమ్మా. నిన్ను పిచ్చుక అన్నది వాడే కదా, పెళ్ళైన కొత్తలో నీ కంచంలో మెతుకులు చూసి. నువ్వు వాడి భార్యగా ఉన్నన్నాళ్ళూ వాడు ఎక్కడో ఊరెళ్ళినట్టు ఉండేది. నువ్వు ఇంకొకరి దానివైతే వాడు నిజంగా పోయినట్టు. ఇదే నా కోపం. నీ తప్పేం లేదని తెలుసు, అయినా కోపమే.

మందిరంలో మనిద్దరి మధ్యా వాడి చోటు వదిలి కూర్చునేవాళ్ళం. ఎవరన్నా కూర్చోబోతే నేను నా చేతిసంచి పెట్టేసేదాన్ని. నువ్వు ఊరెళ్ళాక కూడా పెడుతూనే ఉన్నాను. వాడు పోయి ఏడాదైన నాడు పాస్టరు అయ్యగారు నిన్ను చూపించి, మన మధ్య ఒక రూతు ఉందన్నారు. బైబిల్లో, మొగుడు పోయినా అత్తని వదలకుండా, నువ్వెక్కడుంటే నేనక్కడే అన్న కోడలు. ఆ రోజు నుంచి అందరూ నిన్ను మన రూతు, మన రూతు అని పిలవడం మొదలెట్టారు. నువ్వు తల వంచుకున్నావు. నేను పొంగిపోయాను. నీ తల ఎందుకు వంగిందో అప్పుడు చూడలేదు.

నిన్న అలక మానేసి డబ్బా తెరిచాను. కళ్ళజోడు పెట్టుకుని రూతు కథ తీశాను, నిన్ను నాలుగు మాటలు అనడానికి అందులో ఏదైనా దొరుకుతుందేమోనని. దేవుడి పుస్తకం తెరిచింది అందుకు, చూడు నా బుద్ధి! వేలు పెట్టి కూడబలుక్కుంటూ మొదటి అధ్యాయం అయింది. అయ్యగారు చెప్పింది అంతవరకే. నేను విన్నదీ అంతవరకే. ఈసారి పేజీ తిప్పాను. రూతు కోసిన పొలంలో రాలిన పరిగె ఏరుకోవడం అయింది. మూడో దాంట్లోకి వచ్చేసరికి ఆ అత్త, నయోమి, కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లి, తనంతట తానే కోడలితో అంటుంది కదా, నువ్వు సుఖంగా ఉండే ఇల్లు నేను చూడొద్దా బిడ్డా అని. స్నానం చెయ్యి, మంచి బట్టలు కట్టుకో, పెళ్ళి మాట మీద ఆ పొలం యజమాని దగ్గరికి వెళ్ళు అంది. అడిగింది కోడలు కాదు పిచ్చుకా. అత్త. ఆవిడకీ నాలాగే కడుపు కాలింది. అయినా నోరు తెరిచి ఆ మాట అంది.

కళ్ళజోడు మసకబారింది. చీర చెంగుతో తుడుచుకుని మళ్ళీ చదివాను. అదే ఉంది.

కనక నేనే అంటున్నాను. ఆయన మంచివాడైతే, నీ మనసు అటు ఉంటే, నా నుంచి దాచకు. నా కోపం ఈ కాగితంలోనే వదిలేశాను. ఇంకా కొంచెం మిగిలి ఉంటే అది పిండి పిసికేటప్పుడు పోతుంది.

ఇట్లు,
పిండి బట్ట కింద పెట్టుకుని కూర్చున్న
నీ అత్తమ్మ


పిచ్చుకా, మొండి పిచ్చుకా,

నీ జవాబు అందింది. నాలుగుసార్లు చదివాను, ఆఖరిసారి లాండ్రీలో అక్కకి వినిపించాను. ఏమనుకోకు, నాకు ఆ మాత్రం గొప్పలు చెప్పుకునే అవకాశం ఎప్పుడొచ్చింది?

ముందు ఇక్కడి సంగతి. ఆ ఆదివారం రొట్టె ఒక వైపు మాడింది. ఉత్తరం వేసొచ్చేసరికి పొద్దు వాలింది, తొందర. అయ్యగారు విరుస్తుంటే కరకరమని మందిరమంతా వినపడింది. నాకు మాత్రం అంత కమ్మని రొట్టె ఎప్పుడూ తిన్నట్టు లేదు.

బయటికి వచ్చాక మెట్ల మీద పాటలు ఎత్తే వదిన పట్టుకుంది. "మన రూతు ఎలా ఉంది? ఉత్తరం రాసిందా?"

"రాసింది. రూతుకి పెళ్ళి చేద్దామనుకుంటున్నాను వదినా."

ఆవిడ చేతిలో పాటల పుస్తకం జారిపోయింది. "అదేం మాట! రూతు అత్తని వదలదు కదా?"

"వదల్లేదు. పెళ్ళీ చేసుకుంది. పేజీ తిప్పు."

"నువ్వెప్పుడు చదివావే?"

"కళ్ళొచ్చాక."

చుట్టూ ఆడవాళ్ళు చేరారు. వదిన అక్కడే పుస్తకం తీసి, వెలుతురుకి ఎత్తిపట్టి, మూడో అధ్యాయం రాగం తీసినట్టు చదివింది. చదివి నా ముఖం చూసి, "ఇది ఇన్నాళ్ళూ ఇందులోనే ఉందా?" అంది. అందరూ నవ్వారు. అయ్యగారు టీ గ్లాసు పట్టుకుని వెనకే ఉన్నారు. ఆయన వైపు తిరిగి అడిగాను, "తమరికి తెలుసు కదండీ. మొదటి అధ్యాయం దగ్గరే ఎందుకు ఆపేశారు?"

ఆయన గ్లాసు గోడ మీద పెట్టారు. "తెలుసమ్మా. మూడోది చెప్పాలని ఎన్నో ఆదివారాలు అనుకున్నాను. ఎదురుగా మీరు ఖాళీ చోట్లో సంచి పెట్టుకుని కూర్చుని ఉండేవారు. ఆ సంచిని చూసి నోరు రాలేదు" అన్నారు.

చూశావా. దేవుడి వాక్యానికి నా చేతిసంచి అడ్డం పడింది.

ఇక నీ జవాబు. నేను ఎంత తెలివితక్కువగా లెక్క వేశానో చూడు. ఆయన ఊసు మానేశావు కనక దాస్తున్నావనుకున్నాను. ఆయన అడిగాడనీ, నువ్వు కాదన్నావనీ, కాదన్నాక ఆయన గురించి రాయడానికి చెయ్యి ఆడలేదనీ ఇప్పుడు చెబుతున్నావు. "అందరూ నన్ను రూతు అంటున్నారు అత్తమ్మా, నిన్ను వదిలేసిందని రేపు ఎవరూ అనకూడదు" అని రాశావు. పిచ్చిదానా! నువ్వు సంతోషంగా మోస్తున్నావనుకున్నాను ఆ పేరు. ఆ బరువు నేనూ ఒకవైపు పట్టుకుని నీ నెత్తిన పెట్టానా?

అంతకంటే నన్ను కూర్చోబెట్టేసిన మాట ఇంకొకటి. నువ్వు కాదన్నాకే ఆయన నా కళ్ళజోడు చేశాడట. చీటీ వచ్చిన రోజు నువ్వు వేరేవాళ్ళకి ఇవ్వబోతే తనే తీసుకుని, "ముసలివాళ్ళు చదువుకునే అద్దం, తొందరగా చేస్తే తలనొప్పి వస్తుంది, నేను చేస్తాను" అన్నాడట. మొదట చేసింది నచ్చక పక్కన పడేసి మళ్ళీ అరగదీశాడట. నీ దగ్గర ఇంక ఏ ఆశా లేని మనిషి. నేనేమో లంచం అన్నాను! లంచం ఎవరన్నా పని జరగదని తెలిశాక ఇస్తారా? నా ముఖమే ఎరగనివాడు, తనకి ఏమీ కాని ఒక ముసలిదాని కళ్ళ కోసం అంత ఓపికపట్టాడు. కుడిచెయ్యి చేసిన మేలు ఎడమచేతికి తెలియకూడదని వింటూనే ఉన్నాం. అలా చేసినవాడి పని నా ముక్కు మీద కూర్చుని ఉందని నాకే తెలియలేదు. ఆ చేతులు చల్లగా ఉండాలని నేను ముందే ప్రార్థన చేసి ఆమెన్ కూడా అనేశాను కనక, ఇంక వెనక్కి తీసుకోవడం కుదరదు.

నన్నెవరు చూస్తారని అడిగావు. నయోమిని ఎవరు చూశారు? నాలుగో అధ్యాయం దాకా వెళ్ళాను నేను. ఆవిడ ఒంటరిగా ఏం మిగల్లేదు. రూతుకి పుట్టిన పిల్లవాణ్ణి ఆవిడ ఒళ్ళో పెట్టారు. అంత దూరం ఇప్పుడే ఆలోచిస్తున్నానని నవ్వకు. చదివాను, అంతే. నా ఒడి మాత్రం ఖాళీగానే ఉంది.

వాడి సంగతి కూడా చెప్పాలి. వాణ్ణి తలుచుకుని ఈ వారం కూడా ఏడ్చాను, వచ్చే వారం కూడా ఏడుస్తాను. అది పోయేది కాదు, పోవాలనీ లేదు. కానీ వాడు నీలో దాక్కుని బతకక్కర్లేదు పిచ్చుకా. వాణ్ణి దేవుడు దగ్గర పెట్టుకున్నాడని నోటితో అంటూ, నిన్ను పట్టుకుని వేలాడాను. నమ్మకం అంటే ఆ చెయ్యి వదలడమే కాబోలు. మొన్న ఆదివారం బెంచీ మీద సంచి పెట్టలేదు. ఒక పిల్లల తల్లి వచ్చి కూర్చుంది. ఆ చంటిది బిస్కెట్టు నమిలి చెయ్యంతా నా చీరకి తుడిచింది. పాట అయ్యేదాకా తుడుచుకోలేదు నేను.

నయోమి ఇంట్లో కూర్చుని రూతుని పంపించింది. నాకంత ఓపిక లేదు. శుక్రవారం సెలవు పెట్టాను. పొద్దున బస్సుకి నేనే వస్తున్నాను. నేరుగా షాపుకే వస్తాను. కళ్ళజోడు కొంచెం వదులైంది, ఆయన చేత బిగించుకోవాలి. బిగిస్తున్నప్పుడు ఎదురుగా కూర్చుని అడుగుతాను, మా పిల్లని ఇంకోసారి అడుగుతావా బాబూ అని. నువ్వు మళ్ళీ కాదన్నావంటే నీ పని చెబుతా.

నాకేమీ వండిపెట్టాలని హడావిడి పడకు. నేనే కట్టుకుని వస్తాను, ముగ్గురికీ సరిపడా. ఆయన మళ్ళీ తన టిఫిను ఎవరికో పెట్టేసి ఉంటాడు. నువ్వు సరేసరి, మెతుకులు ఏరుకునే రకానివి.

ఇట్లు,
నువ్వు ఇంకెవరిదానివైనా
నీ అత్తమ్మ

నేను వచ్చేదాకా ఇద్దరూ వేళకి కడుపునిండా తినండి.